వంద గజాల లోపల

కిందటి వారం కథలో పెద్దకోడల్ని పెరటి కుళాయి దగ్గర నిలబెట్టి వచ్చాం. ఎనిమిదేళ్ల కూతురు వంగి మొహం కడుక్కుంటోంది. ఆ పిల్లకు పదడుగుల దూరంలో ఒక చెవి తెగిన ఆడ తోడేలు. తల్లి చేతిలో ఉన్నది బట్టలుతికే బ్రష్షు ఒక్కటే. దాన్నే గిరాటు వేసింది. తోడేలు బెదరలేదు. పని మధ్యలో అడ్డం వచ్చిన మనిషిని చూసినట్టు ఒకసారి చూసి, కంచె కింద నుంచి దూరి తన దారిన తాను పోయింది. ఆ సాయంత్రమే పెద్దకోడలు అటవీశాఖ కాగితం మీద సంతకం పెట్టింది. ఒంటిచెవిదాన్ని కాల్చేందుకు అనుమతి ఇమ్మని అడిగే కాగితం అది. ఏడు నెలలుగా చుట్టుపక్కల రైతులంతా పెట్టమని వేధించినా, పెట్టనని భీష్మించుకున్న సంతకం.

ఇంటికి పెద్దకోడలు గనక ఊరందరికీ ఆమె పెద్దకోడలే. భర్త పోయి నాలుగేళ్లయింది. కొండవాలు పచ్చిక, మూడు వందల గొర్రెలు, మామగారు, మరిది, ఒక్కగానొక్క కూతురు. ఇంతే ఆమె లోకం.

ఆ కాగితం సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. మామగారు వయసులో ఉన్న రోజుల్లో సర్కారే ఆయన చేతికి తుపాకి ఇచ్చి తోడేళ్లని చంపమంది. తోక కోసి ఆఫీసులో చూపిస్తే భుజం తట్టి పంపేవారు. ఒక ఏడాది అదే ఆఫీసు నుంచి కబురొచ్చింది: తోడేలు అడవికి కావాలి, దాని మీద చెయ్యి వేస్తే జైలు. ఇచ్చిన చేత్తోనే తుపాకి లాక్కున్నారు. పాతికేళ్లు గడిచాయి. తోడేళ్లు పెరిగాయి, మందలు తరిగాయి, రైతులు మొత్తుకున్నారు. ఈ ఏడాది మూడో ఉత్తర్వు దిగింది. తోడేలు కొండమీద ఎన్ని గొర్రెల్ని తిన్నా సరే, కాల్చకూడదు. ఇంటికి వంద గజాల లోపలికి మూడుసార్లు వస్తే మాత్రం, రేంజరు కొలిచి చూసి, ఆ ఒక్క జంతువుని కాల్చడానికి అనుమతిస్తాడు. దానికో షరతుంది. చచ్చిన పశువుని బయట పారెయ్యకూడదు. లోతుగా పూడ్చి సున్నం చల్లాలి. అలా చెయ్యని ఇంటికి అనుమతీ లేదు, సర్కారు వేయిస్తానన్న కరెంటు కంచే లేదు.

ఒంటిచెవిది రెండుసార్లు లోపలికి వచ్చినట్టు అప్పటికే నమోదైంది. కుళాయి దగ్గరిది మూడోది. గురువారం పదకొండింటికి రేంజరు కొలతకు వస్తానన్నాడు.

ఆ గురువారం పొద్దున ఆరున్నరకి పెద్దకోడలు పలుగు పట్టుకుని పెరటి కంచె దగ్గరికి వెళ్లింది. తోడేలు దూరిన కంత మూసెయ్యాలని. కంతకి అవతల నేల మెత్తగా ఉంది. జాడలు అచ్చు గుద్దినట్టు పడ్డాయి. జాడ చదవడం ఆమెకు మామగారు నేర్పిన విద్య. "అది ఎటు పోయిందో చూస్తే నీకు దాని తోకే కనబడుతుందమ్మాయ్. ఎటు నుంచి వచ్చిందో చూడు, దాని కడుపు కనబడుతుంది" అనేవాడాయన. అలవాటు కొద్దీ వెనక్కి చూస్తూ నడిచింది.

అడవి ఉత్తరాన ఉంది. జాడ ఉత్తరానికి పోలేదు. కొట్టాల వెనకగా, పడమటికి తిరిగింది. పోనుపోను జాడలు ఎక్కువయ్యాయి. పాతవీ కొత్తవీ ఒకదాని మీద ఒకటి పడి, మనుషులు రోజూ నడిచే కాలిబాటలా గడ్డి అణిగిపోయి ఉంది. పదిరోజుల పని కాదది. నెలల తరబడి నడిచిన దారి.

బాట వెళ్లి పాత ఉన్ని కొట్టం వెనక ఆగింది. పైకప్పు కూలినప్పటి నుంచీ అటువైపు ఎవరూ వెళ్లరు. వాసన ముందు తగిలింది. తర్వాత గుంట కనబడింది.

అందులో ఏడెనిమిది గొర్రెలు ఉంటాయి. సగం వరకూ ఎముకలే. అన్నిటికన్నా పైన, నిన్న మధ్యాహ్నం ఈనుతూ చచ్చిపోయిన గొర్రె ఉంది. చలికాలం కావడంతో దాని ఒళ్లు కూడా చెడలేదు, పొట్ట మట్టి వైపు తిప్పి పడుకుని నిద్రపోతున్నట్టే ఉంది. రాత్రి భోజనాల దగ్గర మరిది తలవంచుకుని అన్న మాట ఆమె చెవిలో మెదిలింది. "పూడ్చేశాను వదినా. సున్నం కూడా చల్లాను."

ఆమె పలుగు నేల మీద పెట్టింది. వంగి, పై గొర్రె చెవికున్న బిళ్లను ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది. అక్కణ్ణుంచి కుళాయి దాకా నిదానంగా, అడుగుకి అడుగు లెక్కపెడుతూ నడిచింది.

ఎనభై రెండు.

*

మరిది ఈనిన గొర్రెల కొట్టంలో ఉన్నాడు. తల్లిలేని పిల్లని ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పడుతున్నాడు. ఆ పిల్ల తల్లే గుంటలో ఉన్నది. సీసా పీక గట్టిగా ఉందని కొరికి మెత్తన చేసి మరీ నోట్లో పెడుతున్నాడు. ముప్పై నాలుగేళ్లవాడు, మాట తక్కువ, పని ఎక్కువ. అన్న పోయిన ఏడాది ఇంటికి అండగా నిలబడింది అతనే. వదిన మంచం దిగలేని రోజుల్లో ఆమె కూతురికి జడలు వేసి బడికి పంపింది కూడా అతనే. అందుకే పెద్దకోడలికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

"ఉన్ని కొట్టం వెనక్కి వెళ్లొచ్చాను" అంది.

అతని చేతిలో సీసా ఆగింది. గొర్రెపిల్ల ఇంకా చప్పరిస్తూనే ఉంది.

"ఎనభై రెండు అడుగులు. వంద గజాల లోపలే. నువ్వు కొలిచే తవ్వావా, లేక అలా కలిసొచ్చిందా?"

అతను పిల్ల నోట్లోంచి సీసా తీశాడు. ఆ తర్వాత అబద్ధం ఆడే ఓపిక లేనట్టు, "కొలిచాను" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఉత్తర్వు వచ్చిన నెల నుంచి." గొర్రెపిల్లని కింద దించి లేచాడు. "నన్నేం చెయ్యమంటావు వదినా? రెండేళ్లలో నలభై గొర్రెల్ని తినేసింది. వెళ్లి చెబితే, కొండమీదా, ఇంటి దగ్గరా అంటారు. కొండమీద అంటే రిజిస్టరు మూసేస్తారు. కొండమీద తింటే అది లెక్కలోకి రాదట. గుమ్మం దాకా రావాలట. అదేమో రాదు. దానికి మనుషులంటే గిట్టదు. రానిదాన్ని ఎలా చూపించను? అందుకని తీసుకొచ్చాను."

"తీసుకొచ్చావు" అంది ఆమె. గొంతు పెరగలేదు. "నా కూతురు మొహం కడుక్కునే చోటికి తీసుకొచ్చావు. నాలుగు రోజులైంది, అది కుళాయి దగ్గరికి వెళ్లడం మానేసి. వంటింట్లో గిన్నెలో కడుక్కుంటోంది. నాన్న లేకపోయినా బాబాయి ఉన్నాడుగా అని దానికి నేనే ధైర్యం చెబుతున్నాను. ఆ బాబాయే పిలిచాడని ఇప్పుడు ఎలా చెప్పను?"

ఆ మాటకి అతను దెబ్బ తిన్నవాడిలా గోడకి ఆనుకున్నాడు.

"రాత్రుళ్లే వస్తుందనుకున్నాను. పొద్దున పూట వస్తుందని అనుకోలేదు. ఒట్టు వదినా, ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు."

"ముద్ద దిగకపోయినా నిన్న మళ్లీ ఇంకోదాన్ని వేశావు."

గుప్పిట విప్పి చెవిబిళ్ల చూపించింది.

మరిది మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఒక్క అంగలో వచ్చి ఆమె చేతిని కొట్టాడు. బిళ్ల ఎగిరి గడ్డిలో పడింది. ఆమె మణికట్టు పట్టుకుని బయటి తొట్టి దగ్గరికి ఈడ్చుకుపోయాడు.

"చేతులు కడుక్కో. ముందు చేతులు కడుక్కో వదినా. మొహం మీద ఎక్కడైనా పెట్టుకున్నావా? నోట్లో?"

"లేదు. ఏమిటి?"

అతను సబ్బు తీసి ఆమె మోచేతుల దాకా రుద్దుతూ, కళ్లెత్తకుండా చెప్పాడు. "ఒకవేళ ఇవాళ రేంజరు కాగితం ఇవ్వకపోతే అని... నిన్న సాయంత్రం దాని పొట్ట కోసి మందు కూరాను."

నీళ్లు తొట్టిలోంచి పొర్లిపోతున్నాయి. ఇద్దరిలో ఎవరికీ తొట్టి కుళాయి కట్టాలని తోచలేదు.

"ఏ మందు?" అన్న గొంతు వెనక నుంచి వినిపించింది. మామగారు కొట్టం గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. కళ్లు మసకబారి మూడేళ్లయినా ఆయన చెవులు ఇంకా వేటగాడి చెవులే.

కొడుకు మందు పేరు చెప్పాడు. ముసలాయన తల పంకించాడు.

"మా రోజుల్లో సర్కారు మందు వేరే రంగు డబ్బాలో వచ్చేది. తొమ్మిదేళ్లు పెట్టాను. ఎన్ని చచ్చినా తోడేళ్లని మాత్రమే ఆఫీసు పుస్తకంలో రాసుకునేవాళ్లు. మిగతావి నేను మనసులో రాసుకున్నాను. పొరుగాయన దూడ. మన సొంత కుక్క, దాని మూడు పిల్లలు. రాబందులు, కాకులు. మందు పెట్టడం మన చేతిలో పనిరా. ఎవరు తింటారన్నది మన చేతిలో ఉండదు."

"మరి మీరు చంపలేదా నాన్నా? మీకైతే దండలు వేశారు."

"వేశారు. దండ వేసినవాళ్లే పాతికేళ్లు నన్ను నేరస్తుణ్ణి చూసినట్టు చూశారు. రేపు ఇంకో ఉత్తర్వు వస్తుంది, మళ్లీ దండ తెస్తారేమో. ఆఫీసు మాట ఆకు మీద నీటిబొట్టు. దాన్ని చూసుకుని ఇంట్లో గుంట తవ్వుకుంటామా?"

పెద్దకోడలు తడి చేతులు చీరకి తుడుచుకుంది. అప్పటికి ఆమె నిశ్చయానికి వచ్చేసింది.

"పదకొండింటికి రేంజరు వస్తాడు. నువ్వే చెప్పు. గుంట సంగతీ, మందు సంగతీ. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. నేను చెబితే నీకు ఇంకా కష్టం."

"చెబితే ఏమవుతుందో తెలుసా నీకు?" అన్నాడు మరిది. "అనుమతి పోతుంది. కంచె పోతుంది. చుట్టుపక్కల రైతులు మన మొహం చూడరు, మన మూలంగా ఉత్తర్వే వెనక్కి పోయిందంటారు. నేను జైలుకి పోతాను. ఇన్ని పోయాక తోడేలు మాత్రం ఉంటుంది."

"ఉంటుంది. ఉండనీ. గుంట పూడిస్తే ఇంటి దాకా రాదు. రాకపోతే మనకి దానితో ఉన్న తగువు కొండమీద తగువే. ఈనే గొర్రెల్ని రేపటి నుంచి కింది మడిలోకి దింపేస్తాను. ఉన్ని కొట్టం కూల్చి ఆ రేకులన్నీ తెచ్చి మడి చుట్టూ కడతాను. సర్కారు కంచె వేస్తేనే గొర్రెలు బతుకుతాయా? మీ అన్నయ్య పోయినప్పుడు ఈ మంద నెల తిరక్కుండా అమ్ముడుపోతుందన్నారు అందరూ. పోయిందా?"

మరిది వెనుదిరిగాడు. కొట్టంలోకి వెళ్లి, పాలు సగంలో ఆగిన గొర్రెపిల్లని మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. సీసా పీకని మళ్లీ కొరికి మెత్తన చెయ్యడం ఆమె చూసింది. దగ్గరికి వెళ్లి ఓదార్చాలనిపించింది. వెళ్లలేదు. ఇవాళ ఓదార్పు చేతికి అందితే అతను చెప్పాల్సింది చెప్పలేడని ఆమెకు తెలుసు. గుంట మీద రేకు కప్పించాలన్న సంగతి ఆ కంగారులో ముగ్గురిలో ఒక్కరికీ స్ఫురించలేదు.

*

రేంజరు జీపు పదకొండు దాటాక పావుగంటకి వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, నిద్రలేని కళ్లు, బూట్ల మీద మూడు ఊళ్ల మట్టి. టీ వద్దన్నాడు. కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని టేపు సాగదీశాడు. "గోడ నుంచి పదకొండు గజాలు. సందేహమే లేదమ్మా. సాయంత్రానికి అనుమతి మీ చేతికొస్తుంది. కాల్చేవాళ్లు రేపు వస్తారు."

పెద్దకోడలు మరిది వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.  రేంజరు టేపు చుట్టడం మొదలుపెట్టాడు. ఆమె నోరు తెరవబోయింది.

"సార్" అన్నాడు మరిది. "ఆ టేపు ఇంకో చోట కూడా పెట్టాలి."

అంతా చెప్పాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. ఎన్ని గొర్రెలు, ఏ నెలలో, ఎక్కడ, ఎందుకు. చివరికి మందు మాట కూడా చెప్పాడు. రేంజరు టేపు చేతిలో పట్టుకుని అలాగే విన్నాడు. విన్నాక మరిదితో కాదు, పెద్దకోడలితో మాట్లాడాడు.

"అమ్మా, పై నుంచి నన్ను రోజూ అడుగుతున్నారు, ఎన్ని అనుమతులు ఇచ్చావని. కింద నుంచి రైతులు అడుగుతున్నారు, ఎందుకివ్వవని. నేనింకా కలం తియ్యలేదు. ఇప్పుడు విన్నది నేను వినలేదనుకుని మీరు ఆ గుంట పూడ్చేస్తే, రేపటికి మీ తోడేలు ఉండదు, అందరి తలనొప్పీ తీరుతుంది. ఒకసారి ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించింది కూడా. లేదంటే అబద్ధం. కూతురికి పదడుగుల దూరంలో చూసిన ఆ పసుపుపచ్చ కళ్లు ఆమెకు రోజూ కనబడుతూనే ఉన్నాయి. చచ్చిపోతే పీడ పోతుంది. కాకపోతే గుంట ఎలా తవ్వాలో, ఎన్ని అడుగుల్లో తవ్వాలో మరిది నేర్చేసుకున్నాడు. అతన్ని చూసి పొరుగువాడు నేర్చుకుంటాడు. ఒంటిచెవిది పోతే రెండుచెవులది వస్తుంది. ప్రతి ఇంటి పెరట్లో ఒక గుంట, ప్రతి కుళాయి దగ్గర ఒక పిల్ల.

"కలం తియ్యండి సార్" అంది. "రాసుకోండి. నా సంతకం కూడా కొట్టెయ్యండి. మా వాడి మీద రాయాల్సింది రాయండి, వాడు వచ్చి నిలబడతాడు. వాడితో పాటు నేనూ వస్తాను. కంచె పోతుందని కూడా తెలుసు."

రేంజరు టేపు కింద పెట్టాడు. జేబులోంచి కలం తీసి, దరఖాస్తు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. తర్వాత అతని మొహం కొంచెం తేలికపడింది.

"నా ఉద్యోగంలో ఇలా గీత గీయించుకున్నవాళ్లు మీరే మొదలు" అన్నాడు. "ముందు ఆ మందు గొర్రె సంగతి చూద్దాం. జీపులో చేతి తొడుగులున్నాయి. సున్నం మీ దగ్గరుందా?"

మరిది సున్నం బస్తా భుజానికెత్తుకున్నాడు. ముగ్గురూ ఉన్ని కొట్టం వెనక్కి నడిచారు. మరిది నడకలో పొద్దుటి బరువు లేదు. జైలు మాట ఎలా ఉన్నా, చెప్పేసినవాడి నడక అది.

గుంట అంచుకి అందరికన్నా ముందు చేరింది అతనే. బస్తా దించబోయి అలాగే ఉండిపోయాడు.

"వదినా. నువ్వు చూసినప్పుడు అది పైనే ఉందా?"

"పైనే ఉంది. చెవి బిళ్ల తీసింది దానిదే."

గుంటలో పాత ఎముకలున్నాయి, కుళ్లినవి ఉన్నాయి. నిన్నటి గొర్రె లేదు.

"లాక్కెళ్లిపోయింది" అన్నాడు మరిది. "నా మందు తినేసింది."

"ఉండు" అంది పెద్దకోడలు. గుంట చుట్టూ వంగి వంగి తిరిగింది. తోడేలు గొర్రెని ఈడిస్తే గడ్డి ఒకే వైపుకి పడుకుంటుంది, ఉన్ని పీచులు ముళ్లకి తగులుకుంటాయి. ఇక్కడ గడ్డి పడుకోలేదు. ఉన్ని పీచు ఒక్కటీ లేదు. గుంటకి దక్షిణం వైపు మెత్తటి మట్టిలో సన్నగా, తిన్నగా ఒక గీత పడి ఉంది. దానికి అటూ ఇటూ రబ్బరు బూట్ల అచ్చులు.

"తోడేలు కాదు" అంది. "ఒంటిచక్రం బండి. మనిషి."

గీత వాలు దిగి, కంచెలో పాత తలుపు దాటి, మట్టి రోడ్డెక్కింది. ఆ రోడ్డు ఒక్క చోటికే పోతుంది. అరకోసు దూరంలో, కొండ కింద ఉన్న రాళ్ల క్వారీ. అక్కడ ఎనభై మంది రాళ్లు కొట్టేవాళ్లు, వాళ్లందరికీ ఒకే వంటశాల. చలికి చెడని గొర్రె ఎవరికీ అక్కరలేక గుంటలో పడి ఉంటే, ఎనభై నోళ్లకి వండాల్సిన వంటవాడు ఏమనుకుంటాడో ఊహించడానికి జాడలు చదవనక్కరలేదు. కోసిన పొట్ట చూసి పేగులు తీసి పారేశారనుకుని ఉంటాడు. ఇంకా సంతోషించి ఉంటాడు.

"టైమెంత సార్?"

"పన్నెండుకి పది నిమిషాలు తక్కువ." రేంజరు అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. క్వారీ మేస్త్రీ నంబరు మోగుతోంది, ఎవరూ తియ్యడం లేదు. కింద రాయి పిండిచేసే మర నడుస్తోంది. అది నడుస్తున్నంతసేపూ పక్కవాడి కేకే వినబడదు.

"భోజనాలు పన్నెండుకి" అన్నాడు మరిది. బస్తా వదిలేసి అప్పటికే వాలు వెంట పరుగెత్తుతున్నాడు.

పెద్దకోడలు చీర కుచ్చిళ్లు దోపుకుని జీపులోకి ఎక్కింది. రేంజరు తాళం తిప్పాడు. బండి పాత తలుపుని గుద్దుకుంటూ రోడ్డెక్కింది. మలుపు దగ్గర మరిదిని ఎక్కించుకున్నారు. రెండో మలుపు తిరిగేసరికి కింద క్వారీ రేకుల కప్పులు కనబడ్డాయి. వంటశాల గొట్టం నుంచి పొగ రావడం లేదు. వంట అయిపోయిందన్నమాట.

ఉన్నట్టుండి మర ఆగిపోయింది. లోయంతా ఒక్కసారిగా నిశ్శబ్దం అయింది. ఆ నిశ్శబ్దంలో, ఇంకా రెండు మలుపులు మిగిలి ఉండగానే, ఇనప పట్టా మీద ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు వినిపించింది. ఒకటి, రెండు, మూడు. భోజనాల గంట.